పిల్లల యాప్‌లో ముందు తప్పు జవాబు నొక్కి చూడాలి

ప్లే స్టోర్‌లో 'తెలుగు అక్షరాలు' అని కొడితే యాప్‌లు వరసకట్టి దిగుతాయి. అన్నిటికీ ముదురు రంగులే, పెద్ద పెద్ద కళ్ల బొమ్మలే. దాదాపు అన్నీ ఫ్రీ. చాలావాటికి నాలుగు స్టార్లు దాటే ఉంటాయి. కింద 'ఆటపాటలతో చదువు' అనో, 'సరదాగా నేర్చుకుందాం' అనో రాసి ఉంటుంది. మూడేళ్ల పిల్ల భుజం మీద నుంచి తొంగి చూస్తూ 'అది, అది' అంటుంటే బొమ్మ బాగున్నదేదో ఇన్‌స్టాల్ అయిపోతుంది. ఆ పూట గడుస్తుంది. ఆ యాప్ పిల్లకు ఏం నేర్పుతుందన్న ప్రశ్నకు మాత్రం ఆ పేజీలో జవాబు దొరకదు.

ఎందుకంటే 'ఎడ్యుకేషనల్' అన్నది యాప్ తయారుచేసినవాళ్లు తమకు తామే తగిలించుకునే బోర్డు. బడి పెట్టాలంటే గుర్తింపు కావాలి, పాఠ్యపుస్తకం రావాలంటే దాన్ని చూసే నిపుణులు ఉంటారు. యాప్‌కు ఆ బాధ లేదు. టీచర్లు పరిశీలించిన యాప్‌లకు గూగుల్ 2020 నుంచి ఒక ప్రత్యేక ముద్ర ఇస్తోంది కానీ, అది లేని యాప్‌లే లెక్కలేనన్ని. ఇక స్టార్ల సంగతి. రేటింగ్ అడిగే కిటికీ చాలాసార్లు ఫోన్ పిల్లల చేతిలో ఉండగానే తెరుచుకుంటుంది. ఐదు స్టార్లు నొక్కిన వేలు ఎవరిదో ఎవరికి తెలుసు?

ఈ విషయాన్ని లోతుగా చూసినవాళ్లు ఉన్నారు. క్యాథీ హర్ష్-పాసెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2015లో ఒక వ్యాసం రాశారు. పిల్లలు నిజంగా నేర్చుకునే సందర్భాల్లో నాలుగు లక్షణాలు కనిపిస్తాయని వాళ్లు తేల్చారు. పిల్లల బుర్ర పనిచేయాలి, వేళ్లు మాత్రమే కాదు. ధ్యాస చెదరకూడదు. నేర్చుకునేది వాళ్ల బతుకుకు ఎక్కడో తగలాలి. పక్కన ఇంకో మనిషితో మాటామంతీ ఉండాలి. ఈ నాలుగు కొలతలతోనే 2021లో మరో బృందం చిన్నపిల్లల 'ఎడ్యుకేషనల్' యాప్‌లు 124 తీసుకుని మార్కులు వేసింది. అందులో 58 శాతం యాప్‌లు తక్కువ మార్కుల దగ్గరే ఆగిపోయాయి. అంటే గుడ్డిగా ఒకటి ఎంచుకుంటే పనికిరానిది చేతికొచ్చే అవకాశమే ఎక్కువ.

పరిశోధకుల్లాగా మార్కులు వేసే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు. అంత అవసరమూ లేదు. పిల్లకు ఇచ్చే ముందు పెద్దవాళ్లు ఓ పావుగంట ఆడితే సరిపోతుంది. అయితే ఆ పావుగంటలో ఒక పని తప్పకుండా చేయాలి. కావాలని తప్పు జవాబు నొక్కాలి.

తెర మీద ల, ళ, శ ఉన్నాయనుకుందాం. గొంతు 'ళ ఎక్కడుంది?' అని అడిగింది. 'ల' నొక్కితే ఏమవుతుంది? కొన్ని యాప్‌లలో ఎర్ర ఇంటూ గుర్తు వచ్చి, వెంటనే తర్వాతి ప్రశ్న వస్తుంది. పిల్లకు తను తప్పు చేసిందని తెలిసింది, ఏది తప్పో తెలియలేదు. కొన్నిట్లో ఏది నొక్కినా బెలూన్లు ఎగురుతాయి, చప్పట్లు మోగుతాయి. అక్కడ అక్షరంతో పనే లేదు, వేలు ఆడితే చాలు. మరికొన్నిట్లో తప్పు నొక్కితే బొమ్మ దబ్బున పడిపోయి వింత శబ్దం చేస్తుంది. సరైన జవాబుకు వచ్చే చప్పట్ల కన్నా ఇది బాగుంటుంది కాబట్టి పిల్లలు పనిగట్టుకుని తప్పే నొక్కుతారు. పెద్దలు చూసి 'వీడికి రావట్లేదు' అనుకుంటారు. వాడికి వచ్చు, తప్పులోనే వినోదం ఎక్కువ ఉంది, అంతే.

బాగా తయారైన యాప్ అయితే 'ల' నొక్కగానే 'ల' అని పలికి చూపిస్తుంది. తర్వాత 'ళ' అని మళ్లీ వినిపించి ఇంకో అవకాశం ఇస్తుంది. నాలుగు ప్రశ్నల తర్వాత అదే జంటను మళ్లీ తెస్తుంది. ఇంట్లో అమ్మమ్మ చేసేదీ ఇదే కదా. పిల్ల 'పల్లెం' అంటే తిట్టదు, చప్పట్లూ కొట్టదు. 'పళ్ళెం' అని తను ఒకసారి అంటుంది, అన్నం తినేటప్పుడు ఇంకోసారి అంటుంది.

అక్షరాలు దిద్దించే యాప్‌లకు ఇదే పరీక్ష ఇంకో రకంగా పెట్టాలి. చుక్కల 'అ' తెర మీదికి వచ్చాక బొటనవేలితో పిచ్చిగా అటూ ఇటూ రుద్దాలి. గీత రంగు నిండిపోయి 'వెరీ గుడ్' అంటే ఆ యాప్‌కు రాత నేర్పే ఉద్దేశం లేనట్టే. పలక మీద దిద్దించేటప్పుడు పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ చెయ్యి ఎత్తాలి అన్నది ఆ పట్టులోనే తెలుస్తుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలు, మెలికలు. తిప్పే దిశ తప్పుగా అలవాటైతే తర్వాత గుణింతాల్లో, ఒత్తుల్లో చెయ్యి తిరగదు. దిశ తప్పితే గీత ఆగిపోయే యాప్ పిల్లలకు కాస్త విసుగు తెప్పించవచ్చు, అయినా అదే నయం. దాంతోపాటు బలపమో పెన్సిలో కూడా చేతికి రావాలి. అద్దం మీద వేలు జారినంత సులువుగా కాగితం మీద పెన్సిల్ జారదు.

తెలుగు యాప్‌లలో ప్రత్యేకంగా చూడాల్సింది ఉచ్చారణ. ల-ళ, న-ణ, శ-ష-స తేడా వినిపిస్తోందా? గొంతు మనిషిదా, మెషీన్ చదివినదా? ముప్పై భాషలకు ఒకే బొమ్మల మూట వాడే యాప్‌లలో ఇంకో చిక్కు ఉంటుంది. ముందు ఇంగ్లిష్ అక్షరమాల కోసం బొమ్మలు గీసి, తర్వాత వాటికి తెలుగు పేర్లు అతికిస్తారు. అలాంటప్పుడు 'ఉ' పక్కన ఉడుత, 'ఊ' పక్కన ఊయల లాంటి తేట పదాలకు బదులు పిల్లలు ఇంట్లో ఎన్నడూ వినని మాటలు వస్తాయి. ఇంట్లో తెలుగు బాగా తెలిసిన పెద్దవాళ్లుంటే ఫోన్ వాళ్ల చెవి దగ్గర పెట్టి అక్షరమాల మొత్తం వినిపిస్తే పది నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది. ఎంత పేరున్న యాప్ అయినా ఆ తీర్పు ముందు నిలవకపోతే పక్కన పెట్టేయొచ్చు.

కథల యాప్‌లకు కొలత వేరు. పేజీలో చెట్టును నొక్కితే పిట్టలు ఎగురుతాయి, చెరువును నొక్కితే కప్ప దూకుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కథలో ఆ కప్పకు పని లేకపోతే, ఆ కప్ప కథను మింగేస్తుంది. డిజిటల్ కథల మీద జరిగిన అధ్యయనాలను 2015లో కలిపి పరిశీలించినప్పుడు తేలింది కూడా ఇదే. కథకు తగ్గట్టు కదిలే బొమ్మ, సంగీతం అర్థం చేసుకోవడానికి సాయపడతాయి. మధ్యలో వచ్చే ఆటలు, నొక్కుడు బొమ్మలు ధ్యాసను పక్కకు లాగుతాయి. అందుకే ఎక్కువ హంగులున్న యాప్ మంచిదన్న లెక్క ఇక్కడ తలకిందులవుతుంది.

తెలుగులో కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ మంచి చోటు. చదువు స్థాయిని బట్టి పుస్తకాలు విడదీసి ఉంటాయి. ఫ్రీ. చాలా కథలు ఒకేసారి అనేక భాషల్లో దొరుకుతాయి కాబట్టి తెలుగులో విని, తర్వాత ఇంగ్లిష్‌లో చూపించే వీలుంది. గూగుల్ 2019లో భారత్‌లో 'బోలో' పేరుతో తెచ్చి, మరుసటి ఏడాది 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చిన యాప్ ఇంకో రకం. పిల్ల పైకి చదువుతుంటే 'దియా' అనే బొమ్మ వింటుంది. తడబడిన మాట దగ్గర ఆగి సాయం చేస్తుంది. తెలుగు కథలు కూడా అందులో చేరాయి. గొంతును గూగుల్‌కు పంపకుండా ఫోన్‌లోనే పరిశీలించేలా, కథలు దించుకున్నాక నెట్ లేకుండా పనిచేసేలా దాన్ని తయారుచేశారు. పిల్లల యాప్ ఎలా ఉండాలో చెప్పడానికి ఈ రెండు లక్షణాలూ మంచి ఉదాహరణలు. అయితే అది ఐదేళ్లు దాటినవాళ్ల కోసం. మూడేళ్ల పిల్ల చేతిలో పెడితే దియా కూడా ఏమీ చేయలేదు.

నెట్ మాట వచ్చింది కాబట్టి రెండో పరీక్ష. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి యాప్ తెరవాలి. అక్షరాలు దిద్దడానికి నిజానికి నెట్‌తో పనేముంది? నెట్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోని యాప్‌కు అది ఎందుకు కావాలో ఒకసారి ఆలోచించాలి. చాలాసార్లు సమాధానం యాడ్‌లే. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐదేళ్ల లోపు పిల్లలు వాడే 135 యాప్‌లను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. 95 శాతం యాప్‌లలో ఏదో ఒక రకం ప్రకటన ఉంది. అవి టీవీలో వచ్చినట్టు 'ఇది ప్రకటన' అని తెలిసేలా రావు. గిఫ్ట్ డబ్బా రూపంలో వస్తాయి. తాళం వేసిన బొమ్మ రూపంలో వస్తాయి. మూసేయడానికి ఉన్న ఇంటూ గుర్తు ఆవగింజంత ఉంటుంది, దాని పక్కనే వేలు పడితే ఇంకో యాప్ డౌన్‌లోడ్ పేజీ తెరుచుకుంటుంది. నాలుగేళ్ల పిల్లకు యాడ్‌కీ ఆటకీ తేడా తెలియదు. తెలియకపోవడమే ఆ వ్యాపారానికి పెట్టుబడి.

డబ్బుల దగ్గర పెద్ద కంపెనీలు కూడా తప్పటడుగు వేశాయి. పిల్లలు ఆటల్లో తెలియక చేసిన కొనుగోళ్ల మీద ఫిర్యాదులు రాగా, అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందంలో యాపిల్ 2014 జనవరిలో కనీసం 3.25 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒకసారి పాస్‌వర్డ్ కొడితే తర్వాత పావుగంట పాటు మళ్లీ అడగకుండానే కొనుగోళ్లు సాగిపోయేవి, ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియదు. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ కూడా కనీసం 1.9 కోట్ల డాలర్లు తిరిగి ఇచ్చేందుకు అంగీకరించింది. ఆ తర్వాత పద్ధతులు మారాయి. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా స్టోర్ సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. పెట్టుకున్నవాళ్లెందరన్నదే సందేహం. కొన్ని యాప్‌లు 'పెద్దవాళ్ల కోసం' అంటూ 7 × 6 ఎంత అని అడిగి లోపలికి వదులుతాయి. ఎక్కాలు వచ్చిన మూడో తరగతి అక్క ఇంట్లో ఉంటే ఆ గేటు తీసి ఉన్నట్టే.

మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది 'ఏడు రోజులు ఫ్రీ' అనే ట్రయల్. మొదలుపెట్టేటప్పుడు యూపీఐ ఆటోపేకు ఒకసారి పిన్ కొట్టించుకుంటారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఆ తర్వాత 15,000 రూపాయల వరకు వాయిదాలకు మళ్లీ పిన్ అక్కర్లేదు. డబ్బు కోసేముందు 24 గంటల ముందుగా మెసేజ్ రావాలి, వస్తుంది కూడా. ఓటీపీలు, ఆఫర్లు, కరెంటు బిల్లుల మధ్య దాన్ని చదివేదెవరు? ట్రయల్ మొదలుపెట్టిన రోజే ఐదో రోజుకు ఫోన్‌లో అలారం పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు.

ఫ్రీగా, యాడ్‌లు లేకుండా ఉండేవి లేవా అంటే ఉన్నాయి. ఖాన్ అకాడమీ కిడ్స్ రెండు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసం 2018లో వచ్చింది. విరాళాలతో నడిచే సంస్థది కాబట్టి అమ్మడానికి అందులో ఏమీ లేదు. తెలుగు మాత్రం ఆశించకూడదు. జీకాంప్రిస్ అనేది ఫ్రాన్స్‌లో 2000లో పుట్టి, ఇప్పుడు కేడీఈ అనే ప్రోగ్రామర్ల సముదాయం చూసుకుంటున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. బొమ్మలు సొగసుగా ఉండవు, కానీ నూటికి పైగా ఆటలున్నాయి, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకైతే స్క్రాచ్ జూనియర్. అందులో స్టార్లు లేవు, లెవెళ్లు లేవు, చప్పట్లు లేవు. ఒక పిల్లి బొమ్మ, కొన్ని బాణం గుర్తుల దిమ్మెలు ఉంటాయి. దిమ్మెలు ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే పిల్లి నడుస్తుంది, గెంతుతుంది. మూడు అడుగులు నడవాల్సిన పిల్లి ఐదు నడిచి తెర చివరకు పోతే పిల్లే వెనక్కి వచ్చి లెక్క చూసుకుంటుంది (బొమ్మ పిల్లి కాదు, ఆడుతున్న పిల్ల). తప్పును ఎవరూ ఎత్తిచూపలేదు, తప్పు తనంతట తనే కనబడింది. ఇలాంటి యాప్ ఒక్కటి ఉంటే పది అక్షరాల యాప్‌లు తీసేసినా నష్టం లేదు.

అనుమతుల దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. చదివించే యాప్ మైక్ అడగడంలో అర్థముంది. రంగులు నింపే యాప్ కాంటాక్టులో, లొకేషనో అడిగితే వెంటనే తీసేయడమే. భారత డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ల లోపువాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, వాళ్లను వెంటాడి ప్రకటనలు చూపడం కుదరదు. చట్టం ఫిర్యాదు దాకా వెళ్లినవాళ్లకు పనికొస్తుంది. ఇంట్లో పనికొచ్చేది 'డోంట్ అలౌ' బటనే.

మూడో పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది పెట్టనిది కూడా. యాప్ ఆపడానికి ప్రయత్నించాలి. ఆట ఎక్కడైనా ముగుస్తుందా? కథ అయిపోయాక తెర నిశ్శబ్దంగా నిలబడుతుందా, లేక మూడు సెకన్లలో ఇంకో కథ దానంతటదే మొదలవుతుందా? బయటికి పోతుంటే కుందేలు బొమ్మ ఏడుస్తుందా? 'రేపు రాకపోతే నీ బహుమతి పోతుంది' అంటుందా? బొమ్మ ఏడిస్తే పిల్ల తనవల్లే అనుకుంటుంది. తర్వాత ఫోన్ లాక్కున్నప్పుడు వచ్చే ఏడుపులో సగం ఆ కుందేలుది. 'మా వాడు ఫోన్ ఇవ్వమంటే కేకలు పెడతాడు' అని పిల్లాణ్ని తప్పుపట్టే ముందు ఆ యాప్‌లో ఆగే చోటు ఉందో లేదో చూడాలి. బాగా తయారైన యాప్ పిల్లలను వదిలిపెడుతుంది. 'ఈ రోజుకు చాలు' అనే చోటు దానిలో ఉంటుంది.

ఎంతసేపు అన్న ప్రశ్నకు అంకెలు దొరుకుతాయి. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. భారత పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు తెర వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు గంట హద్దని అంటోంది. రెండేళ్ల లోపు పిల్లల కోసం ఏ యాప్ మంచిదన్న వెతుకులాట కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ఏడాది, ఏడాదిన్నర పిల్లలకు మాటలు నేర్పుతామనే వీడియోల మీద జూడీ డెలోచ్ బృందం 2010లో చేసిన పరిశీలనలో నెల రోజులు వీడియో చూసినవాళ్లు, చూడనివాళ్ల కన్నా ఎక్కువేమీ నేర్చుకోలేదు. అవే మాటలు తల్లిదండ్రులు మామూలుగా ఇంట్లో వాడుతూ నేర్పినప్పుడే పిల్లలకు ఎక్కువ వచ్చాయి.

ఒక్క మినహాయింపు వీడియో కాల్. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు తెర వద్దన్నప్పుడు కూడా దాన్ని వదిలేసింది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరుగుతున్న పిల్లలకు తెలుగు రావాలని యాప్‌లు గాలించేవాళ్లకు ఇది అసలైన దారి. అక్కడ పిల్ల చేతిలో ఒక బొమ్మల పుస్తకం, ఇక్కడ గుంటూరులో తాతయ్య చేతిలో అదే పుస్తకం. 'ఆవు ఎక్కడుంది?' అని తాతయ్య అడుగుతాడు, పిల్ల వేలు పెడుతుంది, 'అది గేదెమ్మా' అంటాడు. తప్పు జవాబు పరీక్షలో తాతయ్య నూటికి నూరు. బడి వయసు వచ్చాక అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు 2007 నుంచి నడుపుతున్న మనబడి లాంటి తరగతులు ఎలాగూ ఉన్నాయి.

మన ఇళ్లలో గంట లెక్క ఎక్కువగా తప్పేది కంచం దగ్గర. ఫోన్ పెట్టనిదే ముద్ద దిగదు. అన్నం పూట వాడేది 'ఎడ్యుకేషనల్' యాప్ అయితే పరవాలేదన్న సర్దుబాటు కూడా ఉంది. అప్పుడు పిల్ల దృష్టి అన్నం మీదా ఉండదు, అక్షరం మీదా ఉండదు. ఏడుపు మాన్పడానికి పదే పదే ఫోన్ ఇవ్వడం గురించి మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న 422 మంది తల్లిదండ్రులతో చేసిన అమెరికా అధ్యయనం 2022 చివర్లో వచ్చింది. అలా ఎక్కువగా ఇచ్చిన ఇళ్లలో, ముఖ్యంగా మగపిల్లల్లో, తర్వాతి నెలల్లో చిరాకు, ఉద్రేకం ఎక్కువగా కనిపించాయి. ఎంత మంచి యాప్‌నైనా లాలిపాటగా వాడితే ఆ యాప్ మంచితనం లెక్కలోకి రాదు.

పాత ఫోన్ ఒకటి ఇంట్లో మూలన పడి ఉంటే దాన్ని సిమ్ లేకుండా, రెండు మూడు యాప్‌లు మాత్రమే ఉంచి, నెట్ ఆపేసి పిల్లలకు కేటాయించడం తేలికైన ఏర్పాటు. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ పెడితే ఒకే యాప్‌లో ఉండిపోతారు, వాట్సాప్‌లో ఆఫీసు గ్రూపుకు ఏనుగు బొమ్మలు వెళ్లవు.

వారం తర్వాత ఫోన్ మూసి ఉన్నప్పుడు పిల్ల ఏం చేస్తోందో చూడాలి. షాపు బోర్డు మీద 'మ' చూసి 'అమ్మలో మ' అందా? దిండ్లు వరసగా పెట్టి పిల్లిని మూడు అడుగులు నడిపించిందా? అంటే యాప్‌లోంచి ఏదో బయటికి వచ్చిందని. యాప్ పేరు, దాని చప్పట్ల పాట తప్ప ఇంకేమీ బయటికి రాకపోతే దాన్ని తీసేయొచ్చు. తీసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఐకాన్ పట్టుకుని అన్‌ఇన్‌స్టాల్ కొట్టినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ముందు ప్లే స్టోర్‌లో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ తెరిచి అక్కడ రద్దు చేయాలి, యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా ఒకసారి చూడాలి. ఐకాన్ తీయడం ఆ తర్వాత.